గోపాల్‌పేటలో 'మాలపల్లి' పాఠం

నవల మీద పరీక్షలో వచ్చే ప్రశ్నలు చాలాకాలంగా మూడే రకాలు. నవలలోని నేపథ్యమును వివరింపుము. రచయిత కంఠస్వరమును గూర్చి వ్రాయుము. ప్రధాన ఇతివృత్తములను పేర్కొనుము. ఈ మూడింటికీ బజారులో దొరికే గైడులో మూడు పేరాలుంటాయి. వాటిని వల్లించిన పిల్లవాడు నవల ముఖమైనా చూడకుండా ప్యాసవుతాడు. చూసిన పిల్లవాడు ఒక్కొక్కసారి తప్పుతాడు కూడా, ఎందుకంటే నవల చదివినవాడికి ఈ మూడూ మూడు అరల్లో విడివిడిగా కనపడవు.

అవి ఒకే ప్రశ్నకు మూడు ముఖాలని నా అభిప్రాయం. నేపథ్యమంటే ఆ ఊళ్లో భూమి ఎవరిది, దున్నేదెవరు, పండిన గింజ ఏ కొలతతో ఎవరింటికి పోతుంది అనే లెక్క. స్వరమంటే ఆ లెక్క అడిగే మనిషి ఏ గొంతుతో అడగగలడన్నది. ఇతివృత్తమంటే అడిగినందువల్ల ఏం జరిగిందన్నది. గోపాల్‌పేటలో ఇంటర్మీడియట్ పిల్లలనూ, వనపర్తికి పోయివచ్చే కొందరు డిగ్రీ పిల్లలనూ సాయంత్రాలు కూచోబెట్టి ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' చదివించిన అనుభవం నన్నీ అభిప్రాయానికి తెచ్చింది. ఆ అనుభవాన్ని తోటి ఉపాధ్యాయుల ముందుంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఊరి సంగతి చెప్పాలి. నిజాం రాజ్యంలో ప్రభువుకు పేష్కషు చెల్లించి తమ హద్దుల్లో తాము ఏలుకున్న హిందూ సంస్థానాలు కొన్ని ఉండేవి. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరులతో బాటు గోపాల్‌పేట కూడా వాటిలో ఒకటి. 1949లో జాగీర్ల రద్దుతో ఆ వ్యవస్థ పోయింది. తరవాత ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016లో కొత్త వనపర్తి జిల్లాలోకి వచ్చింది. ఎర్రచెలకలు, వేరుశనగ, కంది, చెరువు కిందనైతే కాస్త వరి. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వరి పెరిగింది. అయినా "పాలమూరు లేబర్" అన్న పేరు ఈ ప్రాంతాన్ని వదల్లేదు. ఆనకట్టలు కట్టిన చేతులు, రోడ్లు వేసిన చేతులు, బొంబాయిలో మేడలు లేపిన చేతులు ఇక్కణ్ణుంచి పోయినవే. నా తరగతిలో సగంమందిని పెంచింది అవ్వలూ తాతలూ. తల్లిదండ్రులు మేస్త్రి వెంట పోయినవాళ్లు.

ఇటువంటి చోట 'మాలపల్లి' ఎందుకు? ఈ ప్రశ్న నాకంటె ముందు ఒక విద్యార్థే అడిగాడు. "సార్, అది గుంటూరు దిక్కు పుస్తకం గదా. కాల్వల కింది ముచ్చట. మన దగ్గర చదువుతె ఏమొస్తది?" అడగవలసిన ప్రశ్నే. గోదావరి, కృష్ణా డెల్టాల జీవితమే తెలుగు జీవితమన్నట్లు పాఠ్యపుస్తకాలు నడిచిన రోజులు చాలా ఉన్నాయి. దానికి తెలంగాణ పిల్లల మనసులో కోపం ఉంటే అది న్యాయమైనదే. నేను ఉపన్యాసంతో సమాధానం చెప్పలేదు. చదివాక మళ్లీ అడగమన్నాను.

పుస్తకం పుట్టుపూర్వోత్తరాలు మాత్రం చెప్పాను. రచయిత 1877లో పుట్టి, ఐర్లండులోని డబ్లిన్‌లో బారిస్టరీ చదివి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు పోయి, జైల్లో కూచుని ఈ నవల రాశాడు. 1922లో అచ్చయింది. దానికి 'సంగవిజయం' అని మరో పేరు. అక్టోబరు విప్లవం జరిగి అప్పటికి ఐదేళ్లు. ముల్క్‌రాజ్ ఆనంద్ 'అన్‌టచబుల్' రావటానికి ఇంకా పదమూడేళ్లుంది, ప్రేమ్‌చంద్ 'గోదాన్' రావటానికి పధ్నాలుగేళ్లు. ఒక మాల కుటుంబాన్ని నడిమధ్య నిలబెట్టి ఇంత పెద్ద నవల, అదీ వాడుక భాషలో, అంత ముందుగా తెలుగులో వచ్చిందంటే పిల్లలు కొంచెం నిటారుగా కూచున్నారు.

కథ ఇది. మంగళాపురం మాలపల్లిలో రామదాసు వైష్ణవ భక్తుడు, మర్యాదస్థుడు. ఆయన కొడుకు సంగదాసు మోతుబరి రైతు చౌదరయ్య దగ్గర పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికీ సంగదాసుకూ స్నేహం. కూలి తగాదా వస్తుంది. కూలీలను కూడగట్టి నిలబడ్డ సంగదాసు చౌదరయ్య దెబ్బకు చనిపోతాడు. అన్న వెంకటదాసు ఊరొదిలి, ఉన్నవాణ్ణి కొట్టి లేనివాడికి పెట్టే తక్కెళ్ల జగ్గడవుతాడు. తక్కిన కుటుంబాన్ని నేరస్థుల సెటిల్‌మెంటుకు తోలుతారు.

మొదటి అడ్డంకి ఒక మాట దగ్గర వచ్చింది. 'పాలేరు' అంటే ఏమిటో తరగతిలో ఎవరికీ తెలియదు. ఖమ్మం దిక్కున వాగు పేరని ఒకడన్నాడు. ఏడాదికింతని కుదిరి దొడ్డిలో, చేలో పనిచేసేవాడని చెప్పగానే వెనకనుంచి ఒక పిల్ల "జీతగాడా సార్?" అన్నది. అంతే, మంగళాపురానికి తోవ దొరికింది. జీతగాడంటే వాళ్లలో చాలామందికి పుస్తకంలో మాట కాదు, తాత.

అక్కణ్ణుంచి నేపథ్యం పాఠాన్ని నేను చెప్పటం మానేసి వాళ్లచేత తెప్పించాను. ఇంటికి పోయి ముసలివాళ్లను మూడు ప్రశ్నలు అడిగి రమ్మన్నాను. మీరు పనిచేసిన రోజుల్లో కూలి దేనితో ఇచ్చేవాళ్లు, గింజతోనా రూకలతోనా? గింజ అయితే ఏ కొలతతో? ఆ కొలపాత్ర ఎవరి ఇంట్లో ఉండేది?

వారం తిరిగేసరికి బల్ల మీద ఒక కొలతల బడి తయారయింది. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, తూము. వీటిలో సగం పేర్లు ఆ పిల్లలు మొదటిసారి విన్నారు. కొందరి అవ్వలు జొన్నలు కొలిచి పోయించుకున్నారు, కొందరు కళ్లంలో అడుగున మిగిలిన తాలు కలిసిన గింజలు ఊడ్చుకున్నారు. మూడో ప్రశ్నకు మాత్రం అందరి సమాధానమూ ఒక్కటే: కొలపాత్ర పనిచేసినవాడి ఇంట్లో లేదు. ఒక అవ్వ మనవడితో అన్నదట, "గింజలు దొరయి, కుంచం దొరది, కొలిచే చెయ్యి గూడ దొర మనిషిదే. మాది పట్టిన కొంగు." ఈ మాట విన్న తరవాత సంగదాసు కూలి తగాదా అధ్యాయాలు చదివించాను. ఇంక నేను వివరించవలసింది ఏమీ మిగల్లేదు.

కాని పోలికతో ఆగితే పాఠం సగమే అయినట్టు. తేడా కూడా కనపడాలి. ఆ తేడాను పట్టుకున్నది కూడా పిల్లలే. మంగళాపురంలో సంగదాసు కూలి గురించి తగువు పడగలిగాడు. ఇంగ్లీషు ప్రభుత్వం రైతువారీ కింద రైతుకు పట్టా ఇచ్చిన ప్రాంతం అది. డెల్టా నీళ్లతో పంట బజారుకు పోయింది, రైతు పెద్దవాడయ్యాడు, కూలివాడు కూలివాడయ్యాడు. ఇద్దరి మధ్యా బేరమనే వస్తువు ఒకటి పుట్టింది. సంస్థానంలో అట్లా కాదు. వెట్టి చేసినవాడికి బేరమాడటానికి కూలే లేదు. అప్పు కింద తరతరాలుగా పడి ఉన్న భగేలా మనిషికి బేరమాడటానికి తన ఒళ్లే తనది కాదు. ఈ భగేలా ఒప్పందాలను అదుపుచేయటానికి నిజాం ప్రభుత్వం 1936లో ఒక చట్టం చేసింది. చట్టం చేయవలసివచ్చిందంటేనే పరిస్థితి ఎంతవరకు పోయిందో ఊహించుకోవచ్చు. "అంటే సార్, సంగదాసు మా తాతకంటె ముందున్నట్టా?" అని ఒకడు అడిగాడు. ఆ ప్రశ్న వేసిన పిల్లవాడికి నేపథ్యమంటే ఏమిటో ఏ గైడూ చెప్పనక్కరలేదు.

మరో ప్రశ్న వచ్చింది. దాన్నీ ఇక్కడ రాయక తప్పదు. "ఇప్పుడు వరి కోసేది మిషను. గంటకింతని దానికి కిరాయి. సంగదాసు ఇవాళ కోతలు బందుపెడితే ఎవరికి నష్టం సార్?" తరగతి నవ్వలేదు. చాలాసేపు మాట్లాడుకున్నాం. కోత పోయి కూలి మేస్త్రి దగ్గరికి చేరిందనీ, మేస్త్రి ముందుగా ఇచ్చే అడ్వాన్సు కూడా ఒక రకం కుంచమేననీ, అది కూడా పనిచేసేవాడి ఇంట్లో ఉండదనీ వాళ్లే తేల్చారు. నూరేళ్లు దాటిన నవల అడ్వాన్సు కాగితం మీదికి రావటమంటే అది చచ్చిన పుస్తకం కాదన్నమాట.

ఇక స్వరం. దీన్ని బోధించటం చాలా కష్టమంటారు. నిజానికి తెలుగులో దీనికొక సులువైన తోవ ఉన్నది. మన భాషలో ఏ మనిషీ మరో మనిషిని పిలవకుండా మాట్లాడలేడు. పిలిస్తే ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలిసిపోతుంది. అందుకని సంభాషణలున్న పుటలు తీసుకుని, పిలుపులన్నిటి కిందా గీతలు పెట్టమన్నాను. ఎవరు ఎవరిని 'ఒరే' అన్నారు? ఎవరు 'అయ్యా' అన్నారు? 'గారు' ఎవరికి దక్కింది? క్రియ చివర 'అండి' ఎక్కడ వచ్చింది, ఎక్కడ ఊడింది? కోపం వచ్చినపుడు పిలుపు మారిందా? మారకపోతే ఎందుకు మారలేదు?

తరవాత మన ఊళ్లో పిలుపులు రాయమన్నాను. దొరా, పటేలా, నీ కాల్మొక్త, బాంచెన్. ఈ జాబితాలో కొన్ని పోయాయి, కొన్ని పోలేదు. డెబ్బై ఏళ్ల తన తాతను పదేళ్ల పిల్లవాడు 'ఏరా' అనటం తాను చిన్నప్పుడు విన్నానని ఒక విద్యార్థి చెప్పాడు. చెప్పేటప్పుడు అతని గొంతు ఎట్లా ఉన్నదో అదే స్వరమంటే. ఆ రోజు పాఠం అక్కడితో చాలించాను.

అయితే ఈ నవల విషయంలో మొదటి పిలుపు దాని పేరే. ఆ పేరు పైకి చదవమంటే తరగతిలో నలుగురైదుగురు తల వంచుకున్నారు. చదివినవాళ్లు గబగబ చదివి దాటేశారు. ఊరికి అవతల ఉన్న వాడలనుంచి వచ్చిన పిల్లలకు ఆ మాట అట్ట మీది పేరు కాదు, బడిలో ఎన్నోసార్లు వెనకనుంచి విసిరిన రాయి. ఉపాధ్యాయుడు ఇక్కడ రెండు పనులు చేయగలడు. 'ఆ రోజుల్లో అట్లా ఉండేది' అని దాటవేయవచ్చు. లేదా, ఈ మాట తిట్టుగా ఎట్లా మారిందో, దాన్ని ఒక రచయిత గ్రంథం నెత్తిమీద ఎందుకు పెట్టాడో మాట్లాడవచ్చు. నేను రెండోదానికే పూనుకున్నాను. కాని ఎవరినీ పేరు పెట్టి పైకి చదవమనలేదు, చదవదలచుకున్నవాళ్లే చదివారు. పది రోజులకు ఆ వాడ పిల్ల ఒకతె లేచి పేరుతో సహా మొదటి పుటనుంచి చదివింది. గొంతు వణకలేదు.

ఆ పిల్లే తరవాత నిలవేసి అడిగింది. "రామదాసు ఇంత వేదాంతం మాట్లాడుతడేంది సార్? మా వాడల ముసలోళ్లు గిట్ల మాట్లాడరు. వాళ్లు నవ్వుతరు, తిడుతరు, పాట పాడుతరు. ఈయన మాట్లాడితె రాసినాయనే మాట్లాడినట్టున్నది." విమర్శకులు వాదించుకుంటూ వస్తున్న ప్రశ్నను ఆమె ఒక్క నిమిషంలో ముందుపెట్టింది. రచయిత బ్రాహ్మణుడు, బారిస్టరు, జాతీయవాది. అతని సానుభూతి నిజమైనది, ధైర్యం నిజమైనది. అయినా గౌరవించదగిన మాలను చూపించాలంటే ముందు అతణ్ణి భక్తుణ్ణీ, శాంతమూర్తినీ చేయాలని అతనికి తోచింది. మనిషి మర్యాదకు అర్హుడు కావటానికి మనిషిగా పుట్టటం చాలదా? దళిత రచయితలు తమ గొంతుతో తాము రాసిన తరవాత ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. పుస్తకాన్ని గౌరవిస్తూనే ఈ మాట చెప్పాలి. దాచిపెట్టి నవలను కాపాడే అవసరం లేదు. 'మాలపల్లి'కి అంత బలహీనత లేదు.

ఇతివృత్తం దగ్గరికి వచ్చేసరికి గైడు నాలుగు ముక్కలు ఇస్తుంది: అస్పృశ్యతా నివారణ, గాంధీ సిద్ధాంతం, హిందూ సంఘ సంస్కరణ, కూలీల సమస్య. నాలుగూ అబద్ధం కాదు. కాని ఇవి నవల మీద అంటించిన చీటీలు. నవల లోపల ఉన్నది ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు. ఒకడు పనివాళ్లను కూడగట్టి, చెయ్యెత్తకుండా న్యాయం అడిగి చచ్చిపోతాడు. ఇంకొకడు ఆ చావు చూసి అడగటం మానేసి లాక్కుంటాడు. తండ్రి ఇద్దరినీ ప్రేమిస్తాడు, రెండో తోవను ఒప్పుకోడు. తరగతిని రెండుగా చేసి వాదించమన్నాను. జగ్గడివైపు ఎక్కువమంది చేరారు, వయసు అటువంటిది. అప్పుడు సంగదాసు పక్షాన మాట్లాడిన ఒక పిల్లవాడు ఇట్లా అన్నాడు: "జగ్గడు పంచితె ఒక పూట తింటరు. సంగదాసు కూడగడితె రేపు ఆయన లేకున్నా మందంత నిలబడుతరు. కని ఆయన చచ్చినంక మంద నిలబడ్డదా, పుస్తకంల అది జూడాలె." రచయిత మొగ్గు ఎటో తెలుసుకోవటానికి ఇంతకంటె మంచి సూత్రం నాకు తెలియదు. పాత్రలు ఏమన్నాయో కాదు, వాళ్లు పోయిన తరవాత ఏం మిగిలిందో చూడాలి.

వాదంలో చివరికి ప్రభుత్వం కూడా ఒక పక్షమై వచ్చింది. మద్రాసు ప్రభుత్వం 1923లో ఈ నవలను నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో రానిచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యగ్రంథంగా పెట్టేసరికి 1936లో మళ్లీ నిషేధం. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకగాని అది తొలగలేదు. శాంతమే ఉపదేశించే రామదాసు కథకు సర్కారు ఎందుకు భయపడాలి? ఇంట్లో చదువుకుంటే ఓర్చుకున్న పుస్తకాన్ని తరగతిలో చదివిస్తే ఎందుకు ఓర్చుకోలేదు? ఈ రెండో ప్రశ్న విన్నప్పుడు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాము కూచున్న బల్ల అంత ప్రమాదకరమైన చోటని వాళ్లకు అంతవరకు తోచలేదు.

ఇంత అయ్యాక, మొదట అడిగిన విద్యార్థి తన ప్రశ్న తిరిగి అడిగాడు, కాని మార్చి అడిగాడు: "మన దిక్కు సంగదాసును ఎవరు రాసిండ్రు?" అప్పుడు వట్టికోట ఆళ్వారుస్వామి 1955లో తెచ్చిన 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 1969లో తెచ్చిన 'చిల్లర దేవుళ్లు' చేతికిచ్చాను. ఇళ్లల్లో వంటపని చేసి, తరవాత పుస్తకాలు మోసి అమ్మి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన మనిషి సృష్టించిన కంఠీరవాన్ని వాళ్లు సంగదాసు పక్కన నిలబెట్టి చూశారు. 'చిల్లర దేవుళ్లు'లో గడి, దాసీలు, తెలంగాణ పలుకుబడి చూసి "ఇది మా అవ్వ మాట" అన్నారు. మొదటే ఈ రెండూ ఇస్తే తమ బాధ మాత్రమే చూసుకునేవాళ్లు. మంగళాపురం చుట్టి రావటం వల్ల పక్కవాడి బాధతో తమ బాధను కొలిచే కుంచం ఒకటి వాళ్ల సొంతమయింది.

ఒక తోటి ఉపాధ్యాయుడు ఇదంతా విని, "మీరు చెప్పేది సాంఘికశాస్త్రం, సాహిత్యం కాదు" అన్నారు. నా సమాధానం ఈ నేలనే పుట్టిన ఒక పెద్దమనిషి. సురవరం ప్రతాపరెడ్డిగారు గద్వాల ప్రాంతంవారు, 1952లో వనపర్తినుంచి శాసనసభకు ఎన్నికైనవారు. ప్రబంధాలూ, చాటువులూ, సామెతలూ వెతికి జనం ఏం తిన్నారో, ఏం కట్టారో, ఏ ఆటలాడారో తీసి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. 1955లో తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది దానికే. రాజులు వార్షికాలిచ్చి పోషించిన పద్యాల్లోనుంచే ఆయన జనాన్ని బయటికి తీస్తే, జనం కోసమే రాసిన నవలలో జనాన్ని చూడవద్దంటే ఎట్లా?

ఈ పని వల్ల అన్నీ బాగుపడ్డాయని చెప్పను. దసరా దాటాక తరగతిలో రెండు బెంచీలు ఖాళీ అయ్యాయి. సంగదాసు పక్షాన వాదించిన పిల్లవాడు తండ్రి తీసుకున్న అడ్వాన్సు తీర్చటానికి పుణె పోయాడు. నవల అతణ్ణి ఆపలేకపోయింది. ఏ నవలా ఆపలేదు. దానికి బడి, భూమి, కూలి చట్టం, సంఘం అన్నీ కావాలి. కాని అక్కణ్ణుంచి ఫోను చేసినప్పుడు అతను నన్నడిగింది మార్కుల సంగతి కాదు. "సార్, ఇక్కడ మా గుంపుల ఇరవైమందిమి ఉన్నం. లెక్కబుక్కు మేస్త్రి కాడనే ఉంటది. ఇంకొకటి మేం గూడ రాసుకుంటున్నం" అన్నాడు.

సాహిత్యాన్ని పాఠంగా చెప్పే మనం నేపథ్యం, స్వరం, ఇతివృత్తం అన్న మూడు మాటలనూ పరీక్షలకు వదిలివేయకూడదు. అవి పిల్లవాడు తన ఊరినీ, తన గొంతునూ, తన బ్రతుకునూ చదువుకోవటానికి పనికివచ్చే పనిముట్లు. వాటిని వాడటం నేర్పినవాడే నవల బోధించినవాడు. గైడులో మూడు పేరాలు కొలిచి పోసేవాడు మాత్రం మళ్లీ కుంచాన్ని తన ఇంట్లోనే పెట్టుకున్నవాడవుతాడు.